సత్యమునకు శిక్షయా?

ప్రభుత్వోద్యోగమునకు ఎంపికైన యువకునిచేత అటెస్టేషను పత్రమును నింపించుట పరిపాటి. నీపై క్రిమినలు కేసు నడచినదా? ఎన్నడైన అరెస్టయితివా? అని యందు ప్రశ్నలుండును. పిమ్మట పోలీసువారు ఆతని పూర్వచరిత్రమును విచారింతురు. ఆయుధములను, రాజ్యరహస్యములను ఎవని కప్పగింపవలెనో వాని నడవడిని ప్రభుత్వ మెఱుగగోరుట న్యాయమే. కావలివానిని కుదుర్చుకొను గృహస్థుడును వాని పుట్టుపూర్వోత్తరముల నడుగును గదా!

కాని ఆ పత్రమును చేతబట్టిన యువకుని స్థితి నూహింపుడు. ఊరితగాదాలో అన్నదమ్ములతోపాటు ఆతని పేరును కేసులో నెక్కినది. పిమ్మట రాజీ కుదిరినది. వ్రాసిన కొలువు దక్కదేమో, వ్రాయకున్న గుట్టు బయటపడునేమో! ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఈ చిక్కును విప్పుటకై సుప్రీంకోర్టున త్రిసభ్య ధర్మాసనము 2016 జూలై 21వ తేదీన కొన్ని సూత్రములను నిర్ణయించెను. అభ్యర్థి తెలుపునది సత్యమై యుండవలెను. దాచినది చిన్నవయసున నినాదములు చేయుటవంటి స్వల్పవిషయమైనచో క్షమింపవచ్చును. అడుగని దానిని చెప్పలేదని దోషము మోపరాదు. ఖాయమైన యుద్యోగిని విచారణ లేక తొలగింపరాదు. ఇవి యన్నియు సమంజసములే. అయితే ముగిసిన కేసును నిజముగ వెల్లడించినవానిని సైతము నియమించి తీరవలెనని ప్రభుత్వమును నిర్బంధింపరాదనియు ఆ తీర్పుననే యున్నది.

ఈ యధికారము వివేకముతో వినియోగింపబడవలెను. నిజము చెప్పినవానికిని, దాచినవానికిని ఒకే శిక్షయైనచో, దాచి దొరకనివాడొక్కడే లోనికి జొచ్చును. రాజ్యభద్రతకు వానివలననే ముప్పు. దాచిన గుట్టు నెఱిగిన శత్రువు వానిని బెదిరించి రహస్యమును లాగగలడు. తన గతమును తానే చెప్పుకొన్నవానిని దేనితో బెదిరింపగలడు?

రాజకీయాభిప్రాయమును దోషముగ నెంచుట మఱింత అనర్థము. మధ్యప్రదేశమున నొక యుపాధ్యాయుడు లోగడ రాజకీయ కార్యములలో పాల్గొనెనని కొలువు పోగొట్టుకొనగా, ఆ తొలగింపు చెల్లదని 1983లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పును వ్రాసినవారు ఆంధ్రులైన జస్టిస్ చిన్నప్పరెడ్డిగారు. 1942లో చెఱసాల కేగిన ప్రకాశం పంతులుగారే 1946లో మద్రాసు రాష్ట్రప్రభుత్వమునకు నాయకులైరి. పోలీసు దస్తరమున పేరుండుటయే అనర్హత యైనచో మన రాష్ట్రము లెవరి చేతిలో నుండెడివి?

కావున ప్రభుత్వము చేయవలసిన పనులు మూడు. ప్రశ్నలు అభ్యర్థికి తెలిసిన భాషలో, సందిగ్ధము లేక యుండవలెను. తిరస్కరించుటకు మున్ను సంజాయిషీ నడుగవలెను. తిరస్కరించినచో కారణమును వ్రాసి యీయవలెను. యువకులును ధైర్యము వహించి యున్నదున్నట్లు వ్రాయుదురుగాక. గతమును తుడిచివేయుట ఎవరి తరము? దానిని గూర్చి సత్యము పలుకుట అందఱకును సాధ్యము. అట్లు పలికినవానికి దొరతనము తలుపు మూసినచో, బొంకు నేర్పిన పాపము దొరతనమునకే చుట్టుకొనును.