ఎంసెట్ అడగని ప్రశ్న

మొన్న మిర్యాలగూడ వెళ్తూ మాడుగులపల్లిలో మా చెల్లెలింట్లో ఆగాను. పక్కింటి అమ్మాయి దిగాలుగా గడపలో కూర్చుని ఉంది. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో మంచి మార్కులతో పాసైంది. ఎంసెట్‌లోనే ర్యాంకు రాలేదు. "బీఎస్సీ నర్సింగు సీటు రాదంటున్నరు ఆంటీ" అంది. వాళ్లమ్మ ఊరుకోలేక, "పక్షవాతంతోటి రెండేండ్లు మంచంల ఉన్న మా అత్తను ఇదే చూసుకున్నదమ్మా. ఒంటిమీద ఒక్క పుండు లేవనియ్యలే" అంది.

మంచం పట్టిన మనిషికి పుండ్లు పడకుండా చూడటమంటే మాటలా? వేళకు పక్కకి తిప్పాలి, తడి లేకుండా తుడవాలి, అర్ధరాత్రి పిలిచినా విసుక్కోకూడదు. ఇంట్లో ముసలివాళ్లున్న మీకు నేను చెప్పాలా!

మన రాష్ట్రంలో ఒకప్పుడు ఇంటర్ మార్కులు చూసి ఈ సీట్లు ఇచ్చేవారు. కొన్నేళ్లుగా ఎంసెట్ ర్యాంకు చూస్తున్నారు. (2024లో పేరు ఈఏపీసెట్ అయినా మన నోట ఎంసెట్టే.) మూడు గంటల్లో 160 ప్రశ్నలు. బోటనీ, జువాలజీ కలిపి 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంతే.

భారత నర్సింగ్ కౌన్సిల్ 2020 నిబంధనల్లో చెప్పిన ప్రవేశ పరీక్ష ఇలా లేదు. నూటికి 20 మార్కులు ఈ వృత్తికి తగిన స్వభావం ఉందా అన్నదానికి, మరో 20 ఇంగ్లీషుకి. మిగిలిన 60 సైన్సులకి. మన పరీక్షలో మొదటి రెండూ కనిపించవు. పైగా ఎంసెట్ ప్రశ్న ఇంగ్లీషు పక్కనే తెలుగులోనూ ఉంటుంది. కాలేజీలో అడుగుపెట్టాక అనాటమీ అంతా ఇంగ్లీషే. అక్కడ తడబడే పిల్లని ముందే గుర్తించి చేయూతనిచ్చే దారే లేదు.

పరీక్షే వద్దని నేననను. డాక్టరు 250 మిల్లీగ్రాములు రాశారు, సీసాలో 5 మిల్లీలీటర్లకు 125 ఉంది. పది మిల్లీలీటర్లు పొయ్యాలని తేల్చలేని నర్సు చేతిలో మన బిడ్డని పెడతామా? అమెరికాలో చాలా నర్సింగ్ కాలేజీలు పెట్టే టీయాస్ పరీక్షలో సైన్సుతోపాటు లెక్కలు, ఇంగ్లీషు, చదివింది అర్థం చేసుకోవడం కూడా ఉంటాయి. మన బైపీసీ పిల్లలకు లెక్కల ప్రశ్న ఒక్కటీ లేదు.

అలాగని ర్యాంకు వచ్చినవాళ్లంతా నిలబడతారా? మా బంధువులమ్మాయి మంచి ర్యాంకుతో చేరింది. వార్డులో రక్తం, చీము చూసి తట్టుకోలేక మొదటి ఏడాదిలోనే ఇంటికొచ్చేసింది. తప్పు ఆ పిల్లది కాదు, ఆ సంగతి ఎవరూ ముందు అడగలేదు.

ఇంటర్వ్యూలు పెడితే సరిపోతుంది కదా అంటారు కొందరు. వద్దండీ, పైరవీలకు తలుపు తీసినట్టే! మార్కులు అందరికీ కనిపించే రాతపరీక్షే మేలు. అందులోనే కౌన్సిల్ చెప్పిన ఆ 40 మార్కులు చేర్చాలి. ర్యాంకర్లలో తెలుగు మీడియం పిల్లలకు తరగతులు మొదలయ్యేలోగా రెండు నెలలు ఇంగ్లీషు నేర్పాలి.

ఆ అమ్మాయికి మూడేళ్ల జీఎన్‌ఎం కోర్సు సంగతి చెప్పాను. అది పూర్తయ్యాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదవొచ్చని కూడా చెప్పాను. కళ్లు తుడుచుకుని, "బుక్కులు ఇంగ్లీషులనే ఉంటయా ఆంటీ?" అనడిగింది.