ఇంట చేసిన బిస్కెట్టు పానీయము: లెక్క తెలిసిన తీపి

వేసవి వచ్చినదనగానే మన ఇండ్లలో చల్లని పానీయములకు ప్రాధాన్యము కలుగును. అల్లము, కరివేపాకు, ఉప్పు చేర్చిన మజ్జిగ, శ్రీరామనవమినాడు బెల్లము, మిరియాలు, ఏలకులు కలిపి పంచిపెట్టు పానకము, సబ్జాగింజలు నానవేసిన నిమ్మరసము మనకు తరతరములుగా తెలిసినవే. వీటి ప్రక్కన నేడొక క్రొత్త పానీయము వచ్చి నిలిచినది. చాక్లెట్టు క్రీము బిస్కెట్లను పాలతోను, ఐసుముక్కలతోను, ఐస్‌క్రీముతోను కలిపి, మిక్సీలో నురుగు వచ్చునట్లు తిప్పి, పైన బిస్కెట్టు పొడి చల్లి ఇచ్చు పానీయమది. నగరములలోని కాఫీ దుకాణములలో అధిక వెలకు అమ్ముడుపోవు ఈ వస్తువును ఇప్పుడు బడిపిల్లలు సైతము ఇంటియందే చేసికొనుచున్నారు.

దీనిని చూచి పెదవి విరుచు పెద్దలు కలరు. నేను ఆ పక్షమున లేను. పిల్లలు కోరిన రుచిని కాదనినచో వారు దానిని వీధిలో వెదకికొందురు. ఇంట చేసికొనుటయే మేలు. అయితే “ఇంట చేసినది కనుక మంచిది” అను మాటను మాత్రము నేను అంగీకరింపను. ఇంట చేయుటలోని మేలెల్ల ఒక్కటే: ఏమి వేయుచున్నామో, ఎంత వేయుచున్నామో మన చేతిలో నుండును. ఆ లెక్క మనకు తెలియనప్పుడు అంగడి గ్లాసునకును ఇంటి గ్లాసునకును గల భేదము స్వల్పము.

ఈ సంగతి నాకు మా ఇంటియందే తెలిసినది. ఆరోగ్య విషయములపై వెలువడు కరపత్రములను తెలుగులోనికి అనువదించుట నా ఉద్యోగము, నివాసము ఢిల్లీలో. గత వేసవిలో మా తల్లిగారు ఊరినుండి వచ్చి మాతో రెండు నెలలుండిరి. వారికి 76 ఏండ్లు, చాలకాలముగా మధుమేహము. కాఫీలో చక్కెర ఎన్నడో మానిరి. పండుగనాడు సైతము బూరె ముట్టరు. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి ఒకనాటి మధ్యాహ్నము ఈ పానీయము చేసి, నాయనమ్మకు కూడ ఒక గ్లాసు తెచ్చి ఇచ్చినది.

“ఇందులో పంచదార వేశావుటే?” అని వారడిగిరి.

“ఒక్క చెంచా కూడా వెయ్యలేదు నాయనమ్మా. పాలు, బిస్కెట్లు, ఐసు, అంతే.”

“బిస్కెట్లే కదా, జ్వరమొచ్చినవాళ్లకి కూడా పెడతారు” అని వారు గ్లాసు పూర్తిగా త్రాగిరి.

అమ్మాయి అబద్ధమాడలేదు. అయినను రెండు గంటల పిమ్మట ఇంటి పరీక్షా యంత్రముతో చూడగా మా తల్లిగారి రక్తములో చక్కెర మేము మునుపెన్నడు చూడనంత ఎక్కువగా కనబడినది. వైద్యునితో ఫోనులో మాటలాడి, ఆయన చెప్పినట్లు చేసి, రాత్రి మరల పరీక్షించువరకు ఇంటిల్లిపాదికి నెమ్మది లేకపోయినది. ప్రమాదము తప్పినది. మరునాటి ఉదయము మా తల్లిగారు చెత్తబుట్టలోనుండి ఆ ఖాళీ పొట్లమును తీసి, కళ్లద్దములు పెట్టుకొని, అటునిటు త్రిప్పి చూచి, “ఇందులో ఏముందో ఒక్క ముక్క తెలుగులో లేదేమిరా? నీ ఉద్యోగం అదే కదా?” అనిరి. నాకు సమాధానము తోచలేదు.

బిస్కెట్టు అను మాట మనలో ఎంతటి విశ్వాసమును కలిగించునో నాకు ఆనాడు తెలిసివచ్చినది. లడ్డు తన తీపిని తానే చాటుకొనును. చూచినంతనే మధుమేహ రోగి చేయి వెనుకకు పోవును. బిస్కెట్టు అట్లు కాదు. జ్వరపడి లేచినవానికి టీలో ముంచి ఇచ్చుటకది, ఆసుపత్రిలో పరామర్శకు పోవువారి చేతిసంచిలో నుండునది. మన మనస్సులో అది మిఠాయిల వరుసలో లేదు. దానిని పాలలో మెత్తగా రుబ్బినప్పుడు మన అనుమానము మరింత దూరమగును.

ఇప్పుడు లెక్క చూతము. చాక్లెట్టు క్రీము బిస్కెట్టు ఒక్కొక్కటి సుమారు 10 గ్రాములుండును. అందులో మూడవ వంతునకు మించి చక్కెరయే. అనగా ఒక్క బిస్కెట్టులో ముప్పాతిక చెంచా చక్కెర ఉన్నదని స్థూలముగా గుర్తుంచుకొనవచ్చును. మా అమ్మాయి ఆనాడు గ్లాసునకు ఆరు బిస్కెట్లు వేసినది. చెంచాతో చక్కెర వేయకుండగనే 20 గ్రాములకు పైబడి చక్కెర ఆ గ్లాసులో చేరినది. బిస్కెట్టులోని మైదా సైతము కడుపులో త్వరగా గ్లూకోజుగా మారును. ఇక దుకాణములలో వలె రెండు ముద్దల ఐస్‌క్రీము, రెండు పెద్ద చెంచాల చాక్లెట్టు పాకము చేర్చినచో ఒక్కొక్కదానినుండి ఇంచుమించు మరి 20 గ్రాములు వచ్చును. మొత్తము 60 గ్రాములు, అనగా 12 చిన్న చెంచాలు. ఒక గ్లాసు కాఫీలో 12 చెంచాల చక్కెర వేసి ఇచ్చినచో ఎవరైనను త్రాగుదురా?

పదార్థములకు మనము చేర్చు చక్కెరనుండి లభించు శక్తి రోజు మొత్తము శక్తిలో నూటికి 10 వంతులకు లోబడి ఉండవలెననియు, 5 వంతులకు లోబడినచో మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనా విభాగముగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకములలో సైతము రోజునకు 25 గ్రాములే వాంఛనీయమని చెప్పబడినది. ఇది 2000 కేలరీల ఆహారము తీసికొను పెద్దవారి లెక్క. అనగా 5 చెంచాలు. చిన్నపిల్లల వంతు ఇంకను తక్కువ. బిస్కెట్టు పానీయము ఒక్కటే ఆ హద్దును రెండింతలు దాటగలదు.

అందుచేత దీనిని దప్పిక తీర్చు పానీయముగా గాక, గ్లాసులో పోసిన మిఠాయిగా భావింపవలెను. మిఠాయిని మనము ప్రతిదినము తినము. గ్లాసు నిండుగను తినము. ఈ భావము కుదిరినచో దీనిని చేయు పద్ధతి దానంతటదే మారును. ఇప్పుడు మా ఇంట చేయుచున్న తీరిది. ఇద్దరికి సరిపోవుటకు 300 మిల్లీలీటర్ల పాలు కాచి చల్లార్చి, అందులో సగము ఐసు పళ్లెములో పోసి గడ్డకట్టింతుము. తక్కిన సగము ఫ్రిజ్‌లో చల్లబరతుము. నాలుగు బిస్కెట్లు మాత్రము తీసికొని, మొదట పొడి జారులో పొడిచేసి, పైన చల్లుటకు ఒక చెంచా ప్రక్కన ఉంచుదుము. పిదప పాలగడ్డలు, చల్లని పాలు, బాగుగా మగ్గిన చిన్న అరటిపండు ఒకటి, తీపి చేర్చని కోకో పొడి ఒక చెంచా వేసి తిప్పుదుము. చిక్కదనము అరటిపండువలన వచ్చును. చాక్లెట్టు రుచి కోకోవలన వచ్చును. చక్కెర గాని, పాకము గాని, ఐస్‌క్రీము గాని అవసరముండదు. మనిషికి రెండు బిస్కెట్ల చొప్పున చేరిన చక్కెర చెంచాన్నర మాత్రమే. మధ్యనున్న క్రీమును గీసి తీసివేసినచో మరికొంత తగ్గును.

మిక్సీ జారును సగమునకు మించి నింపరాదు. నురుగు పొంగి మూత త్రోసికొని వచ్చును. ఎడతెగక తిప్పక, ఆపి ఆపి తిప్పినచో మోటారు వేడెక్కదు, గడ్డలు సమముగా నలుగును. పని ముగిసినంతనే మీట ఆపి, ప్లగ్గు తీసి, జారును వెంటనే కడుగవలెను. బ్లేడు క్రిందను, మూత రబ్బరులోను నిలిచిపోయిన పాలు కొన్ని గంటలలోనే సూక్ష్మజీవులకు నిలయమగును. మిగిలిన పానీయమును బల్లపై ఉంచి సాయంకాలము త్రాగుట మంచిది కాదు. కాఫీ డికాక్షను చేర్చుట పెద్దలకే తగును, పిల్లలకు తగదు.

నీటితో చేసిన ఐసు విషయమున మరొక హెచ్చరిక. నీరు గడ్డకట్టినచో అందలి క్రిములు చచ్చునని పలువురు భ్రమపడుదురు. టైఫాయిడ్‌ను, కామెర్లను కలిగించు సూక్ష్మజీవులు మంచులో సైతము జీవించి ఉండగలవు. కావున ఐసు కొరకు వాడు నీటిని తెర్లకాచి చల్లార్చి, శుభ్రమైన పళ్లెములో పోయవలెను. సరకు చెడకుండుటకు వాడు ఫ్యాక్టరీ ఐసును పగులగొట్టి గ్లాసులో వేయకూడదు. పాలగడ్డలు వాడుటలో ఒక సౌకర్యమేమనగా, అవి కరగినను పానీయము పలుచబడదు.

ఇంతవరకు చెప్పినది ఇంటివారి చేతిలోనున్న పని. ఇక మా తల్లిగారి ప్రశ్నకు వత్తును. 2020లో వెలువడిన ఆహార లేబుళ్ల నిబంధనల ప్రకారము పొట్లముపై వివరములు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలోని హిందీలో గాని ఉండవలెను. ఇతర భాషలను అదనముగా ముద్రించుటకు అడ్డు లేదు. ముద్రింపవలెనను నిర్బంధమును లేదు. అడ్డు లేని చోట సైతము ఆ పని జరుగుట అరుదు. అదే బిస్కెట్టును కొనుడని చెప్పు ప్రకటన మాత్రము టెలివిజనులో చక్కని తెలుగున వినబడును. కొనుమని చెప్పుటకు పనికివచ్చిన భాష, అందులో ఏమున్నదో చెప్పుటకు పనికిరాకపోవుట న్యాయము కాదని నా అభిప్రాయము.

పొట్లము చిన్నది, దేశభాషలు పెక్కులు, అన్నింటికి చోటెక్కడ అని ఉత్పత్తిదారులు అడుగవచ్చును. ఆ ప్రశ్నలో కొంత నిజము కలదు. అయినను చతురస్రములోని ఆకుపచ్చ చుక్కను చూచి అది శాకాహారమని చదువురానివారు సైతము గ్రహించుచున్నారు గదా! చక్కెర ఎన్ని చెంచాలో తెలుపు బొమ్మ ఒకటి అట్లే ముద్రించుటకు ఏ భాషయు అక్కరలేదు. 2025లో సి.బి.ఎస్.ఇ. తన పాఠశాలలలో చక్కెర పరిమాణమును తెలుపు బోర్డులు పెట్టుమని ఆదేశించినది. బడిగోడపై వ్రాయదగిన సంగతి పొట్లముపై బొమ్మగా చూపుటకు తగదా?

పొట్లముపై మాటకు ఎంత బలమున్నదో తెలుపు ఉదాహరణ అదే సంవత్సరమున చూచితిమి. విరేచనములైన పిల్లలకు ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పేరును, ఆ కొలతలు లేని తీపి పానీయములపై ముద్రించి అమ్ముట చాలకాలము సాగినది. హైదరాబాదునకు చెందిన ఒక శిశువైద్యురాలు ఏండ్ల తరబడి దీనిపై పోరాడిరి. తుదకు 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణముల సంస్థ అట్టి వాడుకను నిషేధించినది. మూడక్షరములను నమ్మి తల్లులు తీపినీరు కొనిరి. మా తల్లిగారు బిస్కెట్టు అను ఒక్క మాటను నమ్మిరి. వడదెబ్బ తగిలినవారికి, విరేచనములైనవారికి చల్లగా ఉన్నది కదా యని బిస్కెట్టు పానీయమిచ్చుట కూడ ఇట్టి పొరపాటే యని ఇక్కడనే చెప్పుట అవసరము.

చట్టము మారువరకు మనము చేయదగినది ఒకటి కలదు. ఇంట ఇంగ్లీషు చదువగల పిల్లలున్నచో పొట్లము వెనుకవైపు వారిచేత బిగ్గరగా చదివింపుడు. పదార్థములు బరువు క్రమములో ఉండును; మొదట పేర్కొన్నది అందులో అధికముగా ఉన్నదని అర్థము. రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అనగా మైదా. ఇన్‌వర్ట్ సిరప్, గ్లూకోజ్ సిరప్ అనునవి చక్కెరకు మారుపేర్లే. పామోలిన్ అనగా పామాయిలునుండి తీసిన నూనె. పోషక పట్టికలో ‘యాడెడ్ షుగర్స్’ అను వరుసను వెదకుడు. అది చేర్చిన చక్కెర. 100 గ్రాములకు ఎంతయో చూచి, ఆ అంకెను 5తో భాగించినచో 100 గ్రాములలో ఎన్ని చెంచాలున్నవో తెలియును. ‘పర్ సర్వ్’ అని చూపు చిన్న అంకె రెండు మూడు బిస్కెట్లకే కావచ్చును. దానిని చూచి మోసపోరాదు.

ఈ వేసవిలో మా తల్లిగారు మరల వచ్చిరి. అమ్మాయి బిస్కెట్ల డబ్బాపై తెలుగులో ఒక కాగితము అంటించినది: “ఒక బిస్కెట్టు = ముప్పాతిక చెంచా చక్కెర.” నాయనమ్మ కొరకు మజ్జిగలో అల్లము దంచి వేసి, పాలగడ్డల పళ్లెము ప్రక్కనే ఉంచినది. తన గ్లాసులో రెండు బిస్కెట్లు వేసికొనుచుండగా వారు డబ్బాపైని అక్షరములు కూడబలుకుకొని చదివి, “రెండు వేశావు. చెంచాన్నర. ఇక చాలు, మూత పెట్టవే” అనిరి. చదువగల భాషలో ఉన్నప్పుడు ఆ లెక్కను వారు ఎవరి సాయము లేకుండగనే చేయగలిగిరి. తెలుగువారి ప్రతి ఇంటను ఒక డబ్బాపై అట్టి కాగితము అంటించుటకు నేడే పూనుకొనవలెనని నా మనవి.