తండ్రి సెలవు పదిహేను రోజుల దగ్గరే ఎందుకు ఆగింది?

సంపాదకులకు,

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసి 2019లో రిటైరయ్యాను. అందులో సగానికి పైగా ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌లోనే గడిచింది కాబట్టి సెలవు కాగితాలంటే నాకు కొట్టిన పిండి. నా సర్వీసు రిజిస్టరు తిరగేస్తే నాకు కామెర్లు వచ్చిన సంగతి తెలుస్తుంది, డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసైన తేదీలు తెలుస్తాయి. బిడ్డ పుట్టినప్పుడు సెలవు పెట్టానన్న సంగతి మాత్రం అందులో ఎక్కడా లేదు. మా పెద్దవాడు 1989 నవంబరులో పుట్టాడు. లోక్‌సభకూ శాసనసభకూ కలిపి ఎన్నికలు జరుగుతున్న రోజులవి. ఓట్ల లెక్కింపు కూడా ముగిశాక రెండు రోజులు క్యాజువల్ లీవు (సీఎల్) పెట్టి, బారసాలకు వెళ్లి వాణ్ణి మొదటిసారి చూశాను. సీఎల్ సర్వీసు రిజిస్టరుకెక్కదు.

అప్పట్లో తండ్రికి సెలవన్నదే లేదు. కేంద్రం 1997లో పదిహేను రోజులు ఇచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రం 2005లో అంతే ఇచ్చింది, అదీ ఇద్దరి లోపు పిల్లలున్నవారికే. ఆ తర్వాత ప్రసూతి సెలవు 2010లో 180 రోజులకు పెరిగింది. 2016లో రెండు రాష్ట్రాల్లోనూ మహిళా ఉద్యోగులకు శిశు సంరక్షణ సెలవు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని 2022లో 180 రోజులు చేశారు. ఇవన్నీ రావలసినవే, ఇంకా పెరిగినా నాకు సంతోషమే. తండ్రి సెలవును మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ కదిలించలేదు.

దాన్ని మూడు నెలలు చేయాలంటే నా తోటి పెన్షనర్లు నవ్వారు. "పురుడు పుట్టింట్లో పోస్తారు, అక్కడ మగాడికేం పనయ్యా?" అన్నారు. మా రోజుల్లో ఆ మాట చెల్లింది. మా అత్తగారింట్లో మా అత్తగారు, ఆవిడ తోడికోడలు, పెళ్లికాని ఇద్దరు మరదళ్లు ఉండేవారు. స్నానం, పత్యం, సాంబ్రాణి ధూపం దగ్గర్నుంచి రాత్రి బిడ్డను ఎత్తుకు తిప్పడం దాకా మనిషికో పని పంచుకున్నారు. ఇప్పుడు ఆ అమ్మమ్మే ఉద్యోగంలో ఉంటోంది, లేదా మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేక ఉంటోంది. పైగా కాన్పులు మారాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఈ ఆపరేషన్లలో అవసరం లేనివెన్నో వేరే చర్చ. కుట్లు పడ్డ మనిషి బరువులెత్తకూడదని డాక్టరు చెప్పి పంపిస్తారు. ఇంట్లో బిందె ఎవరెత్తాలి? అర్ధరాత్రి లేచి బిడ్డను ఆమె పక్కకు ఎవరు చేర్చాలి? ఆసుపత్రిలో నాలుగైదు రోజులు, మందులకూ జనన ధ్రువీకరణ పత్రానికీ తిరుగుడు, బారసాల ఏర్పాట్లు అయ్యేసరికి ఆ పదిహేను రోజులూ అయిపోతాయి. అసలు సాయం కావలసిన రోజులు అప్పుడే మొదలవుతాయి.

ఆర్జిత సెలవు (ఈఎల్) ఉంది కదా వాడుకోమనండి అనేవారు నా సెక్షన్‌లోనే ఉండేవారు. ఈఎల్ ఆరు నెలలకు పదిహేను రోజులు జమవుతుంది. కొత్తగా చేరిన కుర్రవాడికి ఎన్ని ఉంటాయి? ఉన్నా ఇవ్వాలని లేదు. సెలవును హక్కుగా అడగరాదని ఫండమెంటల్ రూల్సులో 67వ నిబంధన చెబుతుంది. ఆ నిబంధన ఉదహరిస్తూ తిరస్కరణ మెమోలు నేనే పుట్ అప్ చేశాను, ఒకటి రెండు కాదు. వాటిలో భార్య ప్రసవమని రాసుకున్నవీ ఉన్నాయి. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఖర్చు సంగతి చూద్దాం. తండ్రికి ఒక్కో కాన్పుకు మూడు నెలలిస్తే, ఇద్దరు బిడ్డలకు 180 రోజులు. ముప్పై అయిదేళ్ల సర్వీసులో అది నూటికి ఒకటిన్నర రోజు కూడా కాదు. వాడుకోని ఈఎల్‌కు రిటైరయ్యే రోజున 300 రోజుల దాకా జీతం లెక్కగట్టి ఇస్తున్నాం, నేనూ తీసుకున్నాను. సెలవు పెట్టనందుకు అరవయ్యేళ్లవాడికి ఇవ్వగలిగిన ఖజానా, చంటిబిడ్డ ఇంట్లో ఉన్న ముప్పయ్యేళ్లవాడికి ఇవ్వలేదా? సీటు ఖాళీ అవుతుందంటారు. మరి ఎన్నికలకూ జనాభా లెక్కలకూ డిప్యుటేషన్లకూ ఖాళీ అయిన సీట్లను ఇన్‌చార్జిలతోనే నడుపుతున్నాంగా! "ఆడమనిషిని వేస్తే ఆరు నెలలు సీటు గోవిందా" అనే సణుగుడు ప్రతి ఆఫీసులో ఉంది. మగవాడూ సెలవు పెట్టే రోజొస్తే ఆ సణుగుడుకు పస ఉండదు. సెలవు పెట్టి ప్లాట్లు చూపించుకు తిరిగే మహానుభావులు కొందరుంటారు, కాదనను. వాళ్లు ఇప్పుడూ తిరుగుతూనే ఉన్నారు.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. సిక్కిం ప్రభుత్వం 2023లోనే తన ఉద్యోగుల్లో తల్లికి ఏడాది, తండ్రికి నెల ప్రకటించింది. ప్రైవేటు ఉద్యోగికి జీతంతో సెలవు ఇవ్వాలన్న జాతీయ చట్టమే లేని అమెరికా కూడా, తన ఫెడరల్ ఉద్యోగుల్లో తల్లికీ తండ్రికీ సమానంగా 12 వారాలు 2020 అక్టోబరు నుంచి ఇస్తోంది. ఎక్కువ మంది పిల్లల్ని కనమని మన ముఖ్యమంత్రిగారు సభల్లో చెబుతున్నారు. ఇద్దరికి మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధననూ 2024 నవంబరులో ఎత్తేశారు. అంత చేసినవారికి తండ్రి సెలవు జీవో ఒక లెక్కా?

ఔట్‌సోర్సింగ్ వారి మాట ఎత్తకుండా ముగించలేను. మా ఆఫీసులో ఒక డేటా ఎంట్రీ అమ్మాయి సిజేరియన్ అయిన నలభయ్యో రోజున కంప్యూటరు ముందు కూర్చుంది. రాకపోతే ఏజెన్సీ ఇంకొకరిని పంపుతుందని ఆమె భయం. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్ మీద పనిచేసే మహిళలకు కూడా ప్రసూతి ప్రయోజనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2000 మార్చి 8న తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి ఆమెకు మాలో ఎవరమూ చెప్పలేదు. ఈఎస్ఐలో 26 వారాల ప్రసూతి ప్రయోజనం ఉన్నా, 21,000 రూపాయల వేతన పరిమితి లోపువారికే, చందా సక్రమంగా కట్టి ఉంటేనే. తండ్రులకైతే అందులో ఒక్కరోజూ లేదు. మూడు నెలల సెలవు జీవో వస్తే ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు వారిని కూడా అందులో పేరుపెట్టి చేర్చాలి. లేకపోతే కింది ఆఫీసుల్లో ఏం జరుగుతుందో ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా నాకు తెలుసు: "స్పష్టత లేదు" అని రాసి ఫైలు పైకి పంపుతారు.

ఉద్యోగ సంఘాల నాయకులకు ఒక మనవి. మీ వినతిపత్రాల్లో డీఏ బకాయిలుంటాయి, పీఆర్సీ ఉంటుంది, హెల్త్ కార్డులుంటాయి. తండ్రి సెలవు నాకెప్పుడూ కనబడలేదు. సంతకాలు చేసే నాయకుల్లో చాలామంది నాలాగే బారసాలకు వెళ్లి బిడ్డను చూసినవాళ్లు కావడం వల్లనేమో. ఈసారి దాన్ని కూడా ఒక అంశంగా చేర్చండి. ముసాయిదా కావాలంటే నేను రాసిస్తాను. పుట్ అప్ చేయడం ఇంకా మరచిపోలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సూపరింటెండెంటు,
తెనాలి