కోపానికి ఫొటో తీయగలమా?

పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి ముందు కాసేపు నిలబడితే, పెద్ద పెద్ద కవర్లు చేతబట్టుకుని వచ్చిపోయే మనుషులు ఎందరో కనిపిస్తారు. చాలా కవర్లలో ఉండేవి ఎం.ఆర్‌.ఐ. ఫిల్ములు. మెదడులో కంతి పెరిగిందా, రక్తనాళం మూసుకుపోయిందా అన్నది డాక్టర్లు ఆ ఫిల్ములు చూసే చెబుతారు. వాటి మీద నాకేమీ పేచీ లేదు.

నా పేచీ అదే యంత్రంతో తీసే మరో రకం బొమ్మతో. మీరూ చూసే ఉంటారు. బూడిదరంగు మెదడు మీద ఎర్రటి, పసుప్పచ్చటి మచ్చలు. కింద ‘భయపడుతున్న మెదడు’ అనో, ‘ప్రేమ ఉండే చోటు ఇదే’ అనో రాసి ఉంటుంది. దీన్ని ఎఫ్‌.ఎం.ఆర్‌.ఐ. అంటారు. ఈ బొమ్మను చూసి ఒక మనిషి పిరికివాడనీ, కోపిష్టి అనీ తేల్చడం తప్పని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు ఆ రంగులు ఎక్కడివో తెలుసుకోవాలి. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఇనుము ఉంది కదా! ప్రాణవాయువును మోస్తున్న హీమోగ్లోబిన్‌కూ, దాన్ని దించేసిన హీమోగ్లోబిన్‌కూ అయస్కాంతం దగ్గర ప్రవర్తన వేరు. మెదడులో ఒక భాగం చురుగ్గా పనిచేస్తే అక్కడికి ప్రాణవాయువుతో నిండిన రక్తం ఎక్కువగా వస్తుంది. ఈ తేడాను పట్టుకోవచ్చని జపాను శాస్త్రజ్ఞుడు సెయిజీ ఒగావా, ఆయన సహచరులు 1990లో చూపారు. అద్భుతమైన ఉపాయమే! కాని యంత్రం చూస్తున్నది ఆలోచనను కాదు, రక్తప్రవాహాన్ని. అదీ అయిదారు సెకన్లు ఆలస్యంగా. రంగులు తర్వాత కంప్యూటరు వేసినవి.

ఖైరతాబాద్‌లోని జలమండలి కార్యాలయంలో కూర్చుని అమీర్‌పేటలో ఒక వీధికి పోయే నీటిని కొలుస్తున్నారనుకోండి. ఇవాళ వాడకం రెట్టింపయింది. అక్కడ పెళ్ళి జరుగుతోందా? నిప్పంటుకుందా? గొట్టం పగిలిందా? మీటరు చెప్పదు. మెదడు సంగతీ అంతే. ఎమిగ్డలా అని బాదంగింజ ఆకారంలో ఉండే భాగం ఒకటుంది. అది భయానికి నిలయమని చాలామంది రాస్తారు. కాని సంతోషం కలిగించే బొమ్మ చూసినా, కొత్త ముఖం చూసినా అది స్పందిస్తుంది. పైగా రెండువైపులా ఎమిగ్డలా దెబ్బతిన్న ముగ్గురికి కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి పీల్పిస్తే ముగ్గురూ హడలిపోయారని 2013లో ఒక పరిశోధన వెల్లడించింది. ఎమిగ్డలా వెలిగితే భయమే అనడానికీ వీల్లేదు, అది లేకపోతే భయం లేదనడానికీ వీల్లేదు.

ఇక లెక్కల చిక్కు. కంప్యూటరు మెదడును చిన్న చిన్న గడులుగా విడగొట్టి ఒక్కొక్క గడినీ పరీక్షిస్తుంది. గడులు లక్ష ఉన్నాయనుకుందాం. వెయ్యింట ఒకసారి పొరపాటు జరిగినా వంద గడులు ఊరికే వెలుగుతాయి. దీన్ని చూపడానికి అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్, ఆయన మిత్రులు ఒక కొంటె పని చేశారు. చచ్చిన సాల్మన్ చేపను యంత్రంలో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వాళ్ళు ఏ ఉద్వేగంలో ఉన్నారో చెప్పమన్నారు! సవరణ చేయని లెక్కలో ఆ చేప మెదడులో చుక్కలు వెలిగాయి. సవరిస్తే మాయమయ్యాయి. 2009లో ప్రకటించిన ఈ ప్రయోగానికి 2012లో ఇగ్ నోబెల్ బహుమతి దక్కింది. నవ్వు తెప్పించే బహుమతే గాని, చెప్పిన సంగతి మాత్రం గట్టిది.

అన్నిటికంటె పెద్ద లోపం వేరే ఉంది. ఒకే మనిషిని రెండుసార్లు కొలిస్తే ఒకే జవాబు రావాలి. ఇవాళ 40 కిలోలు, ఎల్లుండి 55 కిలోలు చూపే త్రాసును ఏ కొట్లోనైనా ఉంచుతారా? మాక్స్‌వెల్ ఎలియట్, అహ్మద్ హరీరి మొదలైనవారు 90 ప్రయోగాలను పోగుచేసి 2020లో లెక్క కట్టారు. పూర్తిగా నిలకడగా ఉంటే 1 రావలసిన చోట సుమారు 0.4 మాత్రమే వచ్చింది. విశేషమేమంటే, కోపంగా, భయంగా ఉన్న ముఖాల ఫొటోలు చూపించి ఎమిగ్డలాను పరీక్షించే పద్ధతిని ఏళ్ళ తరబడి వాడినవాడు ఆ హరీరియే. తన త్రాసును తానే పరీక్షకు పెట్టిన ఆయన అంటే నాకు గౌరవం.

అలాగని ఈ పద్ధతి పనికిరాదని అనను. చాలామందిని కలిపి సగటు చూసేటప్పుడు అది ఎన్నో సంగతులు నేర్పింది. ఒక్క మనిషి విషయంలోనూ, కంతి తీసే ముందు మాటకు సంబంధించిన భాగం ఎక్కడుందో తెలుసుకోవడానికి సర్జన్లు దాన్ని వాడుతున్నారు. మన ఊళ్ళోనే మరో మంచి పని జరిగింది. మెదడు బొమ్మలను పోల్చడానికి చాలాచోట్ల వాడే నమూనా కెనడాలోని మాంట్రియల్‌లో తయారైంది. మనవాళ్ళ మెదడు సగటున దానికంటె కాస్త చిన్నది. (తెలివి తక్కువని కాదు, కంగారు పడకండి!) అందుకని గచ్చిబౌలిలోని ఐ.ఐ.ఐ.టి.లో జయంతి శివస్వామి బృందం వందమంది భారతీయుల చిత్రాలతో 2019లో మన నమూనా ఒకటి తయారుచేసింది. నమూనా కుదరకపోతే బాదంగింజంత భాగాన్ని గురిచూసి చెప్పడం మరీ కష్టం.

నిందితులను బలవంతంగా ‘బ్రెయిన్ మ్యాపింగ్’ పరీక్షకు గురిచేయరాదని సుప్రీంకోర్టు 2010 మే 5న తీర్పు చెప్పింది. అది మెదడు విద్యుత్తరంగాలతో చేసే పరీక్ష. ఎఫ్‌.ఎం.ఆర్‌.ఐ. వేరు. అయినా అందులోని న్యాయం దీనికీ వర్తించాలి. ఆ తీర్పు ఆపింది బలవంతాన్ని. రేపు ఎవరైనా ఒక కాలేజీ సీటుకో, ఉద్యోగానికో వచ్చిన కుర్రవాడి ముందు కాగితం పెట్టి, ‘నీ కోపతాపాలు యంత్రంలో చూస్తాం, ఇష్టపడే సంతకం చెయ్’ అంటే అతను కాదనగలడా? పక్షం రోజుల తేడాతో రెండుసార్లు కొలిచినా ఒకే జవాబు చెప్పే రోజు వచ్చేదాకా, ఆ కాగితాన్ని ఎవరి ముందూ పెట్టనివ్వకూడదు.