నీటి ధర కాదు, నీటి గ్యారంటీ చూడండి

"నీళ్లు దేవుడిచ్చినవి, వాటికి డబ్బేమిటి?" అనేవాళ్లు ఒకవైపు. "ప్రైవేటుకిస్తే అన్నీ చక్కబడతాయి" అనేవాళ్లు మరోవైపు. మొదటిది నమ్మకమేనని మన హేతువాదులు వెంటనే ఒప్పుకుంటారు. రెండోదాన్ని మాత్రం ఆర్థికశాస్త్రం అనుకుంటారు!

వానకు ఖరీదు లేదు, నిజమే. కుళాయి నీటికి మాత్రం పంపు, కరెంటు, పటిక, క్లోరిన్, పైపులు, అప్పు మీద వడ్డీ అన్నీ కావాలి. క్లోరిన్‌కయ్యేది స్వల్పం, పెద్ద ఖర్చంతా పైపులదే. "ఉచితం" అని చెప్పి పైపు వెయ్యకపోతే, కుళాయి ఉన్నవాడికి సబ్సిడీ, లేనివాడికి ట్యాంకరు. కాబట్టి తేలవలసింది ఒక్కటే: నష్టం వస్తే ఎవరి నెత్తిన పడుతుంది?

మా సెక్టర్ 2 ఉన్న ఈ దుర్గ్ జిల్లాలోనే దీనికి ఉదాహరణ ఉంది. 1998లో, ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉండగా, బోరయి పారిశ్రామికవాడకు నీళ్లందించే పనిని ప్రభుత్వ సంస్థ ఒకటి రేడియస్ వాటర్ అనే కంపెనీకి 22 ఏళ్లకు అప్పగించింది. శివనాథ్ నది సుమారు 23 కిలోమీటర్ల మేర కంపెనీ అజమాయిషీలోకి పోయింది. అక్కడ చేపలు పట్టుకునేవాళ్లను అడ్డుకున్నారు. నదిని అమ్మేశారని దేశమంతా గగ్గోలు పుట్టింది.

గగ్గోలు న్యాయమైనదే. కానీ జీవితమంతా రక్షణ శాఖ పద్దులు చూసినవాడికి కళ్లు ఆగేది ఇంకోచోట. రోజుకు 40 లక్షల లీటర్లకు, వాడినా వాడకపోయినా, డబ్బు కడతామని ఆ ప్రభుత్వ సంస్థ మాటిచ్చింది. ఫ్యాక్టరీలు అంత వాడనే లేదు. ప్రజల సొమ్ముతో అప్పటికే కట్టిన ఆస్తులనేమో రూపాయి లీజుకిచ్చింది! రిస్కు మోస్తాడు గనక వ్యాపారికి లాభం అని బీకాంలో మాకు చెప్పారు. రిస్కు సర్కారుది, లాభం కంపెనీది అయితే దాన్ని మార్కెట్ అనడం ఎలా? ఒప్పందం రద్దు చెయ్యమని శాసనసభ ప్రజాపద్దుల సంఘం 2007లో సిఫార్సు చేసింది.

బోరయివి ఫ్యాక్టరీ నీళ్లు కదా అంటారా? బొలీవియాలోని కోచబాంబాలో తాగునీళ్లే. 1999 ఒప్పందంలో కంపెనీకి కనీసం 15 శాతం రాబడి హామీ ఇచ్చారు. బిల్లులు పెరిగాయి, జనం వీధుల్లోకి వచ్చారు, 2000 ఏప్రిల్‌లో ఒప్పందం పోయింది.

మీ ఊరికి కొత్త నీటి పథకం వస్తే మంత్రిగారి ప్రారంభోపన్యాసం వదిలేసి, గ్యారంటీ క్లాజు అడిగి చదవండి. నా అనుభవంలో అది చివరి అనుబంధంలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది.