శబ్దాన్ని లెక్కగట్టండి

భిలాయి మిల్లులో తయారైన పట్టాలపై మన బండ్లు నడుస్తున్నవి. ఆ మిల్లు హోరు వలననైనా, మన యార్డుల మోత వలననైనా చెవికి కలిగే హాని ఒక్కటే. అట్టి వినికిడి లోపాన్ని చట్టం పరిహారార్హమైన వృత్తివ్యాధిగా గుర్తించింది. అయినను పరిహారమడిగిన కార్మికునికి "వయసు మీరింది" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. మన చేతిలో లెక్క లేదు గదా!

అమెరికా ప్రభుత్వ సంస్థ నియాష్ 2017లో విడుదల చేసిన ఉచిత యాప్ ఐఫోనులో శబ్దాన్ని రెండు డెసిబెళ్ల తేడాలోపు కొలుస్తుంది. ఇతర ఫోన్ల అంకె అంత నిక్కచ్చిది కాదు. ఎనిమిది గంటల పనికి 85 డెసిబెళ్లు మించరాదని ఆ సంస్థ సిఫారసు. 94 వద్ద గంటసేపే. ఫోను అంకె న్యాయస్థానంలో నిలవకపోవచ్చు. కాని తేదీ, షిఫ్టు, స్థలంతో సహా అది శాఖ పుస్తకంలోకెక్కితే, ప్రామాణిక మీటరుతో మన ప్రతినిధుల సమక్షంలో కొలవవలసిందిగా యాజమాన్యాన్ని నిలదీయవచ్చు. రైల్వే, తపాలా సోదరులు ఈ నెలనుండే ప్రారంభించవలెను.