అన్ని ఆటలూ ఒకటి కావు జనాబ్



"గేమ్" అన్న మాట చెవిన పడగానే మన ఇళ్లలో రెండే జవాబులు. బుజుర్గులైతే "తౌబా, తౌబా" అంటారు. మిగతావాళ్లు "పోనీలే, గల్లీల్లో తిరగడం కన్నా ఇంట్లో కూర్చోవడం నయం గదా" అని ఫోన్ తీసి పిల్లాడి చేతిలో పెడతారు. ఒకరు చూడకుండా తిడతారు, ఇంకొకరు చూడకుండా వదిలేస్తారు. పిల్లాడు ఆ ఫోన్‌లో ఏం ఆడుతున్నాడో ఇద్దరికీ ఖబర్ ఉండదు.

ఆదోనిలో మా మొహల్లాలో ఇషా తర్వాత ఏ అరుగు మీద చూసినా నలుగురు కుర్రాళ్లు, నాలుగు ఫోన్లు, వంగిన మెడలు. వాళ్లలో ఎవరు రీల్స్ చూస్తున్నారో, ఎవరు పైసలు పెట్టి పేకాడుతున్నారో దూరం నుంచి తెలియదు. ఆన్‌లైన్ రమ్మీని మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే బంద్ చేసింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ కలిపి పైసల ఆటల మీద చట్టం తెచ్చింది. చట్టం దాకా వచ్చిందంటే ఎన్ని ఇళ్ల చూల్హా ఆరిపోయి ఉండాలి? అయినా అమ్మీ బంగారం కుదువ పెట్టిన సంగతి, చాచా దగ్గర అప్పు చేసిన సంగతి మనం వింటూనే ఉన్నాం. ఆ జువ్వాను "టైంపాస్" అని మాఫ్ చేసిన పెద్దమనుషులే, నేను పిల్లలతో ఆడిస్తున్న ఆట గురించి విని "కాఫిర్ల ఖేల్" అన్నారు. అందుకే ఈ రోజు కలం పట్టాను.

ముందు ఆ ఆట ఏమిటో చెబుతాను. ఆస్మాన్‌లో సితారాలు, వాటి చుట్టూ గ్రహాలు. ఒక్కో ఇంటికి ఒక్కో సల్తనత్. ఎవరి గ్రహం మీద వాళ్లు గనులు తవ్వుకోవాలి, కార్ఖానాలు నడపాలి, ఓడలు కట్టాలి, కొత్త గ్రహాల మీద బస్తీలు వేయాలి. తెర మీద పేలుళ్లు ఉండవు, మ్యూజిక్ ఉండదు. పదిహేను రోజులకు ఒక బారీ. ఆ లోపల మీ హుకుంనామా ఈమెయిల్‌లో రాసి పంపాలి. అందరి హుకుంలూ ఒకచోట చేరాక మున్సిఫ్ లెక్క కట్టి, ఎవరి ఖబర్‌నామా వాళ్లకు పంపుతాడు. మా తొమ్మిది ఇళ్ల ఆటకు మున్సిఫ్ నేనే. ఆదోనిలో ఐదు ఇళ్లు, ఎమ్మిగనూరులో నాలుగు. గురువారం ఇషా దాకా గడువు. తర్వాత వచ్చిన హుకుం మా సొంత బావమరిది పంపినా తీసుకోను. (ఒకసారి పంపాడు. తీసుకోలేదు. ఆ నెల దావత్‌కు పిలవలేదు.)

ఇది నేను పుట్టించింది కాదు. ఖతుల మీద ఆడే ఆటకు చాలా ఉమర్ ఉంది. 1824లో లండన్ క్లబ్, ఎడిన్‌బరో క్లబ్ డాక్ మీద షత్రంజ్ మొదలుపెట్టి 1828 దాకా ఆడాయి. ఎడిన్‌బరో గెలిచింది. నాలుగేళ్లు! మన పిల్లలకు నాలుగు సెకన్లు వీడియో ఆగితే చాలు, ఫోన్ విసిరేస్తారు. 1970లో అమెరికాలో రిక్ లూమిస్ అనే ఆయన డాక్ ఆటలనే కారోబార్‌గా పెట్టాడు. ఆయన కంపెనీ 1976లో తెచ్చిన స్టార్‌వెబ్‌లో ఒక్కో ఆటకు పదిహేను మంది. అందులో ఒకడు సల్తనత్ కట్టేవాడు, ఒకడు తాజిర్, ఒకడు డాకూ. తాజిర్‌కు యుద్ధం గెలిస్తే మార్కులు రావు, సరుకు చేరవేస్తే వస్తాయి. ఒకే మైదానంలో ఒక్కొక్కరి జీత్ ఒక్కో తీరు. ఈ సంగతి నాకు చాలా నచ్చింది. మా ఆట నియమాలు మాత్రం రిక్ మోర్నో రాసిన ఫార్ హొరైజన్స్ చూసి, మన పిల్లలకు తగ్గట్టు తగ్గించుకున్నవి. అది ఈమెయిల్ మీద ఆడటానికే పుట్టిన ఆట.

ఇక మొదలుపెట్టే తరీఖా. గనులు, కార్ఖానాలు అందరికీ సమానంగా ఇస్తాను. మిగతా నాలుగు హునర్ల మీద పదిహేను పాయింట్లు మీరే పంచుకోవాలి: ఫౌజ్, ఓడల ప్రయాణం, పరాయి గ్రహం మీద ఊపిరి నిలిపే సామాను, జీవుల ఇల్మ్. మగపిల్లలు నూటికి తొంభై మంది మొదటిసారి పదిహేనూ తెచ్చి ఫౌజ్ మీద పోస్తారు. పోసి, ఆరు బారీల దాకా దుష్మన్ ఎక్కడున్నాడో తెలియక ఖాళీ ఆస్మాన్‌లో కత్తి తిప్పుతూ కూర్చుంటారు. దుష్మన్ కనిపించే వేళకు ఖజానాలో ఏమీ మిగలదు. మొదటి బారీలో చేయాల్సింది చిన్న చిన్న జాసూసీ ఓడలు రెండో మూడో కట్టి, దగ్గరి సితారాలకు పంపడం. అక్కడి గ్రహం వేడెంత, గాలి బరువెంత, ఆ గాలిలో మనవాళ్లు పీల్చగలిగేది ఉందా, జహర్ ఉందా, ఇవి రాసుకోవాలి. ఆ లెక్క తేలితేనే ఏ గ్రహం మీద బస్తీ నిలుస్తుందో తెలుస్తుంది. ఊపిరి సామాను తక్కువ పెట్టుకున్నవాడికి మంచి గని ఉన్న గ్రహం కళ్ల ముందే ఉన్నా దిగే రాస్తా ఉండదు.

ఎమ్మిగనూరు పిల్లలకు ఇది నేను చెప్పక్కర్లేకపోయింది. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సంఘం పెట్టిన ఊరది. పడుగు సరిగ్గా తోడకుండా మగ్గం మీద కూర్చుంటే గుడ్డ రాదని ఆ ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. వాళ్లు మొదటి నాలుగు బారీలు పడుగు తోడారు. మా ఆదోని షేర్‌లు నాలుగు బారీలు మీసాలు దువ్వారు. ఇప్పుడు నక్షా చూస్తే ఎవరి బస్తీలు ఎన్నో కనిపిస్తూనే ఉంది.

"దీనివల్ల మార్కులు వస్తాయా?" అని అడిగారు మా వైపు ఒక బడిలో, నెలకు రెండు గంటలు కంప్యూటర్ గది ఇమ్మని అడిగితే. రావు. కానీ జనాబ్, పదో తరగతి పిల్లాడు తన చేత్తో ఒక పూర్తి ఖత్ రాయడం మీరు చివరిసారి ఎప్పుడు చూశారు? మా ఆటలో పొరుగు సల్తనత్‌తో సుల్హ్ కావాలంటే ఖత్ రాయాలి. సలాం ఎట్లా మొదలుపెట్టాలి, అవసరం ఉన్నా గిడగిడలాడకుండా ఎట్లా అడగాలి, "లేదు" అనే మాట దోస్తీ చెడకుండా ఎట్లా చెప్పాలి, ఇవన్నీ కావాలి. ఖనిజం వచ్చే బారీకి ఎంత తగ్గుతుంది, ఓడ కట్టాక ఎంత మిగులుతుంది అని లెక్క వేయాలి. హుకుం ఒక్క అక్షరం తప్పు రాస్తే ఓడ వేరే సితారాకు పోతుంది. పదిహేను రోజులు ఆగాలి. సబర్ గురించి పిల్లలకు వాజ్ చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నవాళ్లం, సబర్ చేయాల్సిన ఒక పని వాళ్ల చేతిలో పెట్టామా?

ఆదోని పిల్లలకైతే ఇది మరీ అవసరం అంటాను. పొద్దున లేస్తే కనిపించే ఖిలా కింద పుట్టి, దాని కథ తెలియని పిల్లలు మనవాళ్లు. బీజాపూర్ తరఫున సిద్దీ మసూద్ ఖాన్ ఈ ఖిలాను ఏలాడు. మన జామియా మస్జిద్ ఆయన కట్టించిందే. 1688లో ఔరంగజేబ్ ఫౌజ్ ముట్టడించినప్పుడు ఖిలా గోడలు లొంగలేదట. చివరికి తోపులు మస్జిద్ వైపు తిప్పారని, తన ప్రాణం కన్నా ప్యారీ అయిన ఆ మస్జిద్ కూలడం చూడలేక మసూద్ ఖాన్ ఖిలా అప్పగించాడని మన పెద్దలు చెప్పుకునే కథ. ఎదుటివాడి ఫౌజ్ ఎంతో లెక్కపెట్టినవాడు గెలవలేదు, ఎదుటివాడి దిల్ ఎక్కడుందో తెలుసుకున్నవాడు గెలిచాడు. తర్వాత ఇదే ఆదోని నిజాం అలీ ఖాన్ తమ్ముడు బసాలత్ జంగ్ జాగీర్ అయింది. 1786లో టిపూ సుల్తాన్ ముట్టడించి తీసుకున్నాడు. 1800లో నిజాం ఒక అహద్‌నామా మీద సంతకం పెడితే ఊరు కంపెనీ వాళ్లదైపోయింది. ఆ రోజు ఆదోని బురుజు మీద ఒక్క తోపు కూడా పేలలేదు. ఎక్కడో రాసిన ఖత్‌తో మన తాతల తాతల ముల్క్ చేతులు మారింది. 1953 దాకా మనం బళ్లారి జిల్లాలో ఉన్నది, ఆ తర్వాత ఆంధ్రలో కలిసింది కూడా కాయితం మీద గీసిన గీతతోనే. కాయితం చదవడం, కాయితం రాయడం రాని ఖౌమ్‌కు ఖిలా ఉండి ఏం ఫాయిదా?

మజ్హబీ సవాల్‌కు వస్తాను. ఫత్వా ఇవ్వడం నా పని కాదు, ఆ హైసియత్ నాకు లేదు. షత్రంజ్ మీద మన ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉందని మాత్రం అందరికీ తెలుసు. హనఫీ బుజుర్గులు మక్రూహ్ అన్నారు. షాఫయీ మస్లక్‌లో పందెం లేకుండా, నమాజ్ తప్పకుండా, నోరు పారేసుకోకుండా ఆడితే కొంత ఢీల్ ఉంది. అబ్బాసీ ఖలీఫాల దర్బార్‌లో అస్-సూలీ లాంటి ఆలిమ్ షత్రంజ్ మీద కితాబ్‌లే రాశాడు. మా ఆటలో పైసా లేదు, పాంసా లేదు, నమాజ్ వేళకు కూర్చోబెట్టే తెర లేదు. హుకుంనామా పదిహేను రోజుల్లో ఎప్పుడు తీరిక దొరికితే అప్పుడు రాసుకోవచ్చు. రంజాన్ మొత్తం ఆట బంద్. ఇంతకన్నా జాగ్రత్త ఇంకేం కావాలో మీ ఆలిమ్‌ను అడిగి రండి, మార్చుకుంటాను.

దగా సంగతి ఒకటి ఉంది, అది న్యాయమైన ఏతిరాజ్. ఇలాంటి ఆటల్లో వాదా చేసి తప్పడం మామూలే. మా దగ్గర ఒక ఉసూల్ పెట్టాను. సుల్హ్‌నామా మున్సిఫ్ దగ్గర దర్జ్ అయితే, దాన్ని తెంచాలనుకున్నవాడు ఒక బారీ ముందు ఎదుటివాడికి బాహాటంగా చెప్పాలి. చెప్పకుండా దాడి చేస్తే ఆ హుకుం చెల్లదు. దీనివల్ల ఆట మజా తగ్గిందని ఇద్దరు కుర్రాళ్లు అలిగారు. అలగనీ.

అసలు కోపం ఇప్పుడు చెబుతాను.

ఎమ్మిగనూరులో మా ఆపా కూతురు ఉంది. పదో తరగతి. తొమ్మిది సల్తనత్‌లలో ఇప్పుడు అన్నిటికన్నా నిలకడగా ఉన్నది ఆమెదే. ఆరో బారీలో పొరుగువాడి నుంచి ఆమెకు మూడు ఖతులు వచ్చాయి, మూడింటిలోనూ ఖనిజం బదులు అడిగాడు. "వీడికి గనులు మంచివి మామూ, అయినా ఖనిజం అడుగుతున్నాడంటే ఓడలు పోయాయి, మళ్లీ కడుతున్నాడు, అంటే అవతల ఎవరితోనో కొట్లాట మొదలైంది" అని లెక్క తీసింది. మున్సిఫ్‌ను కాబట్టి అవును, కాదు అనలేదు. కానీ ఆమె చెప్పింది అక్షరాలా సహీ. ఖనిజం ఇచ్చింది, బదులుగా పది బారీల సుల్హ్ రాయించుకుంది. ఆ తర్వాత తన సరిహద్దులో ఒక్క ఫౌజీ ఓడ కూడా పెట్టకుండా, ఆ ఖర్చంతా బస్తీల మీద పెట్టింది.

ఇంత జరిగాక ఇంటి పెద్దల నుంచి మాట వచ్చింది. ఆడపిల్ల పేరు తీసేయ్, తమ్ముడి పేరు పెట్టు, పరాయి ఇళ్ల మగపిల్లలతో ఉత్తరాలేమిటి అని. తమ్ముడికి పదేళ్లు. హుకుంనామా అక్కే రాయాలట, పేరు మాత్రం వాడిదట! దిమాగ్ అక్కది, నామ్ తమ్ముడిది. ఇదెక్కడి ఇన్సాఫ్? అదే ఇంట్లో పెద్దన్నకు సొంత ఫోన్ ఉంది, తాళం ఉంది, రాత్రి ఒంటిగంట దాకా ఏం చూస్తున్నాడో అడిగే ధైర్యం అబ్బాకు కూడా లేదు. అక్కడ హయా గుర్తురాదు.

హయా విషయంలో మా ఆటకు వంక పెట్టేవాళ్లు దాని బందోబస్త్ ముందు చూడాలి. ఖత్ ఎవరూ ఎవరికీ నేరుగా పంపరు. ప్రతి ఖత్ మున్సిఫ్ దగ్గరికి వస్తుంది, నేను చదివాకే ముందుకు పోతుంది. సంతకం సల్తనత్ పేరుతోనే, మనిషి పేరుతో కాదు. ఈమెయిల్ కూడా ఇంటిది, అమ్మీ అబ్బాకు పాస్‌వర్డ్ తెలిసి ఉండాలన్నది మొదటి షరతు. మీ పిల్లల చేతిలో ఉన్న ఏ యాప్‌లో ఇంత కాపలా ఉందో చూపించండి, ఆ రోజే నా దుకాణం మూసేస్తాను. నా రిజిస్టర్‌లో మాత్రం ఆ పిల్ల పేరే ఉంది, అదే ఉంటుంది.

"బీదవాళ్ల పిల్లలకు ఇవన్నీ ఎందుకు" అనేవాళ్లూ ఉన్నారు. మాలో ఒక కుటుంబం సంక్రాంతి దాటగానే గుంటూరు వైపు మిరప కోతలకు పోయింది. మన పడమటి కర్నూలు పల్లెల నుంచి ఏటా ఎన్ని కుటుంబాలు పోతాయో మీకు తెలియంది కాదు. ఆ పిల్లాడికి బడి ఆగింది, ట్యూషన్ ఆగింది. ఆట ఆగలేదు. పదిహేను రోజులకు ఒకసారి మేస్త్రీ ఫోన్ అడుక్కుని పది లైన్ల హుకుం పంపాడు. ఒకసారి ఫోన్ దొరకక, ఆదోని వచ్చే మనిషి చేతికి కాయితం ఇచ్చి పంపాడు. సిగరెట్ డబ్బా అట్ట మీద, పెన్సిల్‌తో, ఒక్క తప్పు లేకుండా. గురువారం అసర్ వేళకు చేరింది. తీసుకున్నాను.

రంజాన్ ఈద్ తర్వాత కొత్త ఆట మొదలవుతుంది. ఈసారి పన్నెండు ఇళ్లు. ఎమ్మిగనూరు నుంచి ఇంకా రెండు, ఆదోని నుంచి ఒకటి కావాలి. కంప్యూటర్ లేకపోయినా ఫరక్ పడదు, ఒక గళ్ల నోట్‌బుక్, స్కేలు, పెన్సిల్ చాలు. నక్షా మొదటి పేజీ నేను గీసి ఇస్తాను. ఒక ఇంటి నుంచి ఇద్దరు పిల్లలు కలిసి ఆడితే, హుకుంనామా కింద ఇద్దరి పేర్లూ నా రిజిస్టర్‌కు రాసి పంపాలి. అక్క రాస్తే అక్క పేరే ముందు.